పదింటికి ఖాళీగా ఉన్న బడి

పోయిన నెల ముగ్గురు యువకులు మా ఇంటికి వచ్చారు. ముగ్గురూ పత్రికలకు కొత్తగా విలేఖరులుగా కుదిరినవాళ్ళు. ఒకరు వికారాబాదుకు, ఒకరు మర్పల్లికి, మూడో అతను మా తాండూరుకే. కాసేపు అవీ ఇవీ మాట్లాడి అసలు ప్రశ్న అడిగారు.

"పదిహేనేండ్లు వారం తప్పకుంట జాబు రాసిన్రట గద సార్. ప్రతి వారం రాయనీకె ఏం దొరికేది మీకు?"

"చుట్టూ చూడండి, దొరుకుతుంది," అన్నాను. టీ ఇప్పించి పంపించాను.

వాళ్ళు మెట్లు దిగాక నా జవాబు నాకే నచ్చలేదు. మాట నిజమే, కాని ఎవరికీ పనికిరాని నిజం. పైగా చుట్టూ చూడడం నాకే చేతకాని రోజుల్లో, నా రాతవల్ల ఒక బడి మూతపడబోయింది. ఆ సంగతి చెప్పడానికి నామోషీ పడ్డాను. ఈ వయసులో ఇంకా నామోషీ దేనికని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నాకు సన్మానం ఎక్కడ జరిగిందీ, ఏ పెద్దమనిషి పక్కన నిలబడి ఫోటో దిగిందీ ఇందులో ఉండవు. ఆ ఫోటోలు గోడ మీద ఉన్నాయి, చూడదలచినవాళ్ళు వచ్చి చూడవచ్చు.

నల్లటేకు కుర్చీ

మాది దేశ్‌ముఖుల ఇల్లు. మా నాన్నగారు పొద్దున్నే స్నానం చేసి అరుగు మీద నల్లటేకు కుర్చీలో కూర్చునేవారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఊరికొక మనిషి వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, అరుగు కింద నిలబడి ఖబర్ చెప్పేవాడు. ఎవరు చచ్చారు, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఏ చెరువు కట్ట తెగేలా ఉంది. నాన్నగారు కళ్ళు సగం మూసుకుని వినేవారు. ఒక ప్రశ్న అడిగితే ఎక్కువ. ఆయన ఏ ఊరికీ వెళ్ళగా నేను చూడలేదు. వెళ్ళడం మా ఇంట్లో చిన్నతనం. లోకమే అరుగు దగ్గరికి రావాలి.

పోలీసు చర్య జరిగిన రెండు మూడేండ్లకు అదంతా పోయింది. పోవలసినవి కొన్ని పోయాయి, పోకూడనివి కూడా కొన్ని వాటితో పోయాయి. అంతకు మించి దాని మీద నేను వ్యాఖ్యానించను. నాన్నగారు కూడా పోయారు. ఇంటి ముందు భాగం కందుల వ్యాపారికి గోదాము అయింది. వెనక రెండు గదులు, ముందరి అరుగు, ఆ కుర్చీ నాకు మిగిలాయి. వాటితో పాటు సాయన్న.

సాయన్న మా పాత కావలిమనిషి. అతనికి మా ఇంటి నుంచి ఇక ఏమీ రాదు. ఊరూరా తిరిగి చింతపండు కొనుక్కొచ్చి తాండూరు అంగట్లో అమ్ముకుని బతికేవాడు. అయినా వారానికి రెండుసార్లు వచ్చి, చెప్పులు విడిచి, ఖబర్ చెప్పి వెళ్ళేవాడు. వద్దని నేను అనలేదు. అంటే అతను నొచ్చుకుంటాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం, ఆ పావుగంట సేపు నేను మళ్ళీ మా నాన్నగారి కొడుకునయ్యేవాణ్ణి.

బడిలో నేను చదివింది ఉర్దూ. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగం అడగడానికి మనసొప్పక, రాయడం ఒక్కటే పరువైన పనిగా కనబడి, హైదరాబాదులో కొత్తగా వెలువడుతున్న ఒక వారపత్రికకు మానవ జీవిత పరమార్థం గురించి పెద్ద వ్యాసం పంపాను. దాన్ని రాయడానికి నాలుగు నెలలు పట్టింది. మూడో రోజే తిరిగి వచ్చింది. సంపాదకులు కార్డు ముక్క మీద ఇలా రాశారు: "భాష బాగున్నది. కాని ఇది కాశీలో కూర్చుని కూడా రాయవచ్చు. తమరు తాండూరులో ఉన్నారు కదా. అక్కడి సంగతులతో వారానికి ఒక జాబు పంపగలరా?"

వారం రోజులు కోపంతో ఉన్నాను. ఎనిమిదో రోజు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. అందులో కూడా నేనేదో ఉపకారం చేస్తున్నట్లే రాశాను.

సబ్బు ప్రకటన

హైదరాబాదు వెళ్ళే ప్యాసింజరు పొద్దున తాండూరులో ఆగేది. దానికి ఉత్తరాలు మోసే ఒక తపాలా పెట్టె, అంటే బోగీ, ఉండేది. ఆ పెట్టె గోడకున్న సందులో కవరు వేస్తే సాయంత్రానికి పత్రిక కార్యాలయంలో ఉంటుంది. నా జాబు గురువారం బండికి వెళ్ళాలి.

మొదట్లో రాయడానికి మనసు కుదరాలని నా నమ్మకం. మనసు బుధవారం మధ్యాహ్నానికి కుదరకపోతే, గురువారం పొద్దున కలం కడిగి, సిరా నింపి, కాగితం అంచులు సరిచేసి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకునేవాణ్ణి. ఈలోపు బండి కూతవేసి వెళ్ళిపోయేది. అలా రెండు వారాలు తప్పింది. మూడో వారం సంపాదకుల కార్డు వచ్చింది: "తమ జాబు రావలసిన చోట సబ్బు ప్రకటన వేసితిమి. సబ్బువారు వేళకు పంపుతారు."

మా వంశంలో ఎవరినీ సబ్బుతో పోల్చి తక్కువ చేసినవాళ్ళు లేరు. ఆ కార్డును బల్ల ముందు గోడకు మేకుతో కొట్టాను. ఆ మర్నాటి నుంచి, మా ఊరి నాపరాళ్ళు చెక్కేవాళ్ళ సుత్తి చప్పుడు మొదలైనప్పుడు బల్ల దగ్గర కూర్చుని, దూరాన ప్యాసింజరు కూత వినబడేదాకా లేవకూడదని నియమం పెట్టుకున్నాను. గురువారమొక్కటే కాదు, రోజూ. మనసు కుదిరినా కుదరకపోయినా. మొదటి నెల చాలా రోజులు ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం కూడా ఆ పనిలో భాగమేనని తర్వాత తెలిసింది. రెండో నెలకు చెయ్యి దానంతటదే కాగితం మీదికి పోవడం మొదలుపెట్టింది.

కొత్తగా రాసేవాళ్ళకు అందరూ చెప్పే సలహా ఇదే. రోజూ ఒకే వేళకు కూర్చోండి అంటారు. నేనూ అంటాను. కాని ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పరు. అలవాటు మంచిదే, దాని ఆకలే చెడ్డది. వారం వారం దానికి మేత కావాలి. వేసేది గడ్డో, గడ్డిలో కలిసిన ముళ్ళో అది చూడదు. నేనా, బండికి కవరు వేయడానికి తప్ప అరుగు దిగను. హోటల్లో కూర్చోను, అంగట్లో నిలబడను, ఎవరినీ ఏదీ అడగను. మరి మేత ఎక్కడిది? సాయన్న తెచ్చేవాడు. అతను చెప్పిన ఖబరే నా చేతిలో జాబుగా మారేది. నాన్నగారు విన్నట్టే నేనూ సగం కళ్ళు మూసుకుని వినేవాణ్ణి.

నాకు పేరు తెచ్చిన జాబు

ఒక సోమవారం సాయన్న బషీరాబాదు వైపు పల్లెల నుంచి వచ్చాడు. అక్కడ ఒక గొల్లవాళ్ళ పల్లెలో కొత్తగా తెలుగు బడి పెట్టారు. ఆ ఊరి పేరు రాయను, వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

"బడి సూసిన దొరా," అన్నాడు సాయన్న. "తడక తీసుంది. గంట ఏలాడుతుంది. పలక లేదు, పోరగాడు లేడు. సారు లేడు. ఒక మేక మాత్రం లోపల పండుకొని నెమరేస్తుంది."

ఆ మేకతో నాకు జాబు దొరికింది. బడి ఉంది, గంట ఉంది, చదివేవాళ్ళే లేరు. ప్రజల కోసం తెరిచిన బడిలో మేక నెమరువేస్తున్నది, అక్షరాలను కాబోలు అని రాశాను. రాస్తుంటే నాకే ముచ్చటేసింది. సంపాదకులు మొట్టమొదటిసారి మెచ్చుకుంటూ కార్డు రాశారు: "ఇది జాబు." రైలు స్టేషన్లో ఎవరో ఆ పత్రిక చదువుతూ నవ్వడం నా కళ్ళతో చూశాను. ఆ వారమంతా షేర్వానీ వేసుకుని తిరిగాను.

మూడు వారాల తర్వాత, ఒక బుధవారం పొద్దున, ఇద్దరు మా అరుగు దగ్గరికి వచ్చారు. ఒకరు సన్నగా, గడ్డం చేసుకుని, ఉతికిన పైజామా వేసుకున్న యువకుడు. రెండో మనిషి నలభై ఏండ్ల ఆడమనిషి, భుజాన గొంగడి. సాయన్న అప్పటికే వచ్చి కింద నిలబడి ఉన్నాడు. నేను కుర్చీలో ఉన్నాను.

"ఆదాబ్ సాబ్," అన్నాడు యువకుడు. "నా పేరు ఖాజా. మీరు రాసిన బడికి మాస్టర్ని నేనే."

ఆమె అతని మాట పూర్తి కానివ్వలేదు. "దొరా, మా బడిల పోరగాండ్లు లేరని రాసింది నువ్వేనా?"

"నేనే," అన్నాను.

"ఎప్పుడు సూసినవు?"

జీవితంలో నన్నెవరూ అలా అడగలేదు. సాయన్న వైపు చూశాను. సాయన్న నేల చూశాడు.

"నేనే సూసి చెప్పిన అక్కా," అన్నాడు.

"నువ్వు ఏ యాళ్ళకు ఒచ్చినవు?"

"పొద్దెక్కినంక. పదైతుండొచ్చు."

ఎల్లమ్మ అనే ఆ గొల్లామె గొంగడి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "పదింటికి గొర్ల దొడ్డి గూడ ఖాళీగనే ఉంటది దొరా. మా ఊర్ల గొర్లు లేవని గూడ రాయకపోయినవు."

సాయన్నకు నవ్వొచ్చింది. నా ముఖం చూసి దగ్గులోకి మార్చుకున్నాడు.

అప్పుడు ఖాజా మాస్టరు వివరించాడు. ఆ పల్లెలో మాట్లాడగలిగే వయసొస్తే చాలు పిల్లలు గొర్రెల వెంట పోతారు. మొదట్లో అతనూ పదింటికే గంట కొట్టాడు. ఒక్కరూ రాలేదు. అందుకని చీకటి విచ్చే వేళ బడి పెట్టి, ఎండ గుట్ట ఎక్కి గొర్రెలు కదిలే వేళకు వదిలేస్తున్నాడు. పొద్దుగూకాక మంద తిరిగొస్తే మళ్ళీ కాసేపు. మధ్యలో బడి ఖాళీ. ఆ ఖాళీలో అతను తన గదిలో నిద్రపోతాడు, బడిలో మేక నెమరువేస్తుంది.

జేబులోంచి కాగితం తీసి నాకిచ్చాడు. పత్రికలో వచ్చినదాన్ని బట్టి బడిని పక్క ఊరికి మార్చాలని విద్యాశాఖ ప్రతిపాదన. వచ్చే సోమవారం పది గంటలకు తనిఖీ అధికారి వచ్చి చూసి ఖాయం చేస్తారు. పక్క ఊరికి అయిదు మైళ్ళు. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా అక్కడికి పోరు.

"పదింటికి ఎవరొచ్చి చూసినా మీరు రాసిందే నిజమైతది సాబ్," అన్నాడు ఖాజా.

"ఆ ఒక్క సోమవారం పిల్లలను ఆపి కూర్చోబెట్టు," అన్నాను.

అతను నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచాడు. "ఆపితె సోమవారం బడి కనబడ్తది సాబ్. మంగళవారం నుంచి అబద్ధం నడ్పాలె. నాతోటి కాదు."

"మా దగ్గరికి ఒచ్చి సూడు దొరా," అంది ఎల్లమ్మ. "పొద్దు పొడువక ముందు రావాలె. బండి లేదంటవా, మాకూ లేదు. నడ్సుకుంటనే ఒచ్చినం."

మర్నాడు గురువారం. సోమవారం లోపల ఏదైనా అచ్చుకావాలంటే రేపటి బండి తప్పకూడదు. నేను కుర్చీ లోంచి లేచాను.

ఊరి ముచ్చట

ఎల్లమ్మ, ఖాజా ముందు నడిచారు. సాయన్న వెనక నడిచాడు. వాననీళ్ళు ఎండి గట్టిపడిన నల్లమట్టి, బండి చాళ్ళు. పట్నం బూట్లు వేసుకుని అంత దూరం నడవడం నాకది మొదటిసారి. పొద్దుగూకే వేళకు చేరాం. పల్లెలో ఎవరూ నన్ను చూసి తల వంచలేదు. ఖాజా గదిలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిని పడుకున్నాను.

గొర్రెల అరుపుకు మెలకువ వచ్చింది. బయట బూడిద రంగు వెలుతురు. దొడ్డి పక్కన చదును చేసిన జాగాలో పిల్లలు గొంగళ్ళు కప్పుకుని వరసగా కూర్చున్నారు. లెక్కపెట్టాను. ఇరవై ఏడుగురు. పది మంది ఆడపిల్లలు. బడిగదిలో చీకటి కనుక బయటే బడి. గోడకు ఒక నల్లబల్ల ఆనించి ఉంది.

ఖాజా సుద్దముక్క తీసుకుని బల్ల మీద రాశాడు: "నిన్న సాయంత్రం తాండూరు దొరగారు మన ఊరికి నడిచి వచ్చారు. కాలికి బొబ్బ ఎక్కింది."

పిల్లలు కూడబలుక్కుంటూ చదివారు. ముందు వరసలో ఒక పిల్ల నా పాదాల వైపు చూసి చెయ్యెత్తింది. "ఒక కాలు కాదు సార్. రెండు కాళ్ళకు ఎక్కినయి."

"అరె, సచ్. తప్పు రాసిన." ఖాజా చేత్తో తుడిచి "కాళ్ళకు బొబ్బలు ఎక్కాయి" అని దిద్దాడు. అందరూ నవ్వారు. దొడ్డి గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్న ఎల్లమ్మ కూడా నవ్వింది. నాకు కోపం రావలసింది, రాలేదు.

పిల్లలు పలకల మీద ఆ రెండు వాక్యాలు దిద్దుతుంటే ఖాజాను అడిగాను, ఇదేం పద్ధతని.

"వాచకాలు ఆరే వచ్చినయి సాబ్, ఇంతమందికి. అందుకని రోజూ ఊరి ముచ్చట ఒకటి బల్ల మీద రాస్త. నాకు తెలుగు పూరాగ రాకుండె, మాది ఇంట్ల ఉర్దూ. గిట్ల రోజుకొక ముక్క రాసుడుతోని నాకు గూడ వచ్చింది."

"రోజూ రాయడానికి నీకు ముచ్చట ఎక్కడ దొరుకుతుంది?"

ఈ మధ్య ఆ ముగ్గురు యువకులు నన్నడిగింది అదే. నేను ఆనాడు ఖాజాను అడిగాను.

"పిల్లలే చెప్తరు. ఎవరి మేక ఈనిందో, ఎవరి గోడ కూలిందో. చెప్పినంక పోయి చూస్త. చూడంది బల్ల మీద ఎక్కియ్య."

"అంత చిన్నదానికి కూడా వెళ్ళి చూస్తావా?"

"వాండ్ల మేక వాండ్లకు ఎరుకే గద సాబ్. నేను తెల్ల మేకను నల్లదని రాస్తె, రేపు నేను ఏది చెప్పినా నమ్మరు."

ఎండ గుట్ట తల మీదికి వచ్చింది. ఎల్లమ్మ దొడ్డి తడక లాగింది. పలకలన్నీ ఖాజా కాళ్ళ దగ్గర దొంతరగా పడ్డాయి. పది నిమిషాల్లో పిల్లలు లేరు, గొర్రెలు లేవు. దుమ్ము మాత్రం కాసేపు నిలబడింది. ఇంకో గంట ఆగి వచ్చి ఉంటే నేనూ సాయన్న చూసినదే చూసేవాణ్ణి.

కొట్టివేసిన వాక్యం

ఆ పలకల పక్కనే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని జాబు రాశాను. బషీరాబాదు స్టేషన్లో బండి రెండు నిమిషాలు ఆగుతుంది. దానికి చేరాలంటే ఎక్కువసేపు లేదు.

మొదటి వాక్యం చాలా సులభంగా వచ్చింది: "మా మనిషి తెచ్చిన తప్పుడు సమాచారం వల్ల..." సాయన్న నా ఎదురుగా కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. అతనికి చదవడం రాదు. అయినా నా ముఖం చూశాడు.

"నా మీద రాస్తున్నరా దొరా?"

నేను కలం ఆపాను.

"రాస్తె రాయుండ్రి. గని నేను అబద్ధం చెప్పలే. సూసిందే చెప్పిన. ఏ యాళ్ళకు సూసినవురా అని మీరు అడగలే. పెద్దదొర అడిగేటోడు."

నాన్నగారు అడిగేవారు. ఒక ప్రశ్న అడిగితే ఎక్కువ అన్నాను కదా. ఆ ఒక్క ప్రశ్న అదే. 'ఎప్పుడు చూశావు?' సగం కళ్ళు మూసుకోవడం ఒక్కటే నేను నేర్చుకున్నాను.

ఆ వాక్యం కొట్టివేసి ఇలా రాశాను: "మూడు వారాల కిందట ఈ చోట ఒక బడి గురించి రాశాను. ఆ బడిని నేను చూడలేదు. ఈ పొద్దు చూశాను." తర్వాత పిల్లల లెక్క, వేళలు, గొర్రెలు, నల్లబల్ల. మేక ప్రస్తావన కూడా తెచ్చి, అది పదింటికి ఎందుకు అక్కడ పడుకుంటుందో రాశాను. అలంకారం ఒక్కటీ లేదు. రాయడానికి పట్టిన సమయం అరగంట లోపే. బొబ్బలతో స్టేషన్‌కు కుంటుతూ చేరి, కదులుతున్న తపాలా పెట్టె సందులో కవరు వేశాను. షేర్వానీ వేసుకున్నవాడు బండి వెంట పరుగెత్తడం ఆ ప్లాట్‌ఫారం మీద ఎవరూ చూసి ఉండరు.

శనివారం పత్రిక వచ్చింది. సంపాదకులు ఒక్క అక్షరం మార్చకుండా, పాత జాబు వేసిన చోటే వేశారు. దాన్ని పట్టుకుని వికారాబాదు వెళ్ళాను. తనిఖీ అధికారి అక్కడ మకాం వేసి ఉన్నారు. అర్జీలు తెచ్చిన మనుషులతో పాటు వరండాలో కూర్చోబెట్టారు. పేరు చెప్పి పంపినా పిలవలేదు. మధ్యాహ్నం దాటింది. చేతులు ఊరుకోక కాగితం తీసి, పక్కన ఉన్నవాళ్ళను గమనిస్తూ రాసుకోవడం మొదలుపెట్టాను. అనంతగిరి మీది క్షయ ఆసుపత్రిలో ఉన్న భార్యకు అన్నం తీసుకుపోయే ఒకాయన, టిఫిను డబ్బాను బిడ్డను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకుని కూర్చున్నాడు. పైన చలి కదా, వేడి నిలవాలని డబ్బాకు ఆమె పాత చీర ముక్క చుట్టాడు. ఏ వేళకు వండుతారు, ఏ బండికి వస్తారు, కొండ ఎలా ఎక్కుతారు అని అడిగాను. చెప్పాడు. ఎవరూ అడగక ఎన్నాళ్ళయిందో, చాలాసేపు చెప్పాడు. తర్వాతి గురువారం జాబు అదే. అంతవరకు నేను రాసినవాటిలో ప్రాణమున్న మనిషి ఉన్న మొదటి జాబు కూడా అదే.

అధికారి చివరికి పిలిచారు. పత్రిక చదివి బల్ల మీద పెట్టారు.

"మీ మాట నమ్మే ఆ కాగితం రాశానండీ. ఇప్పుడు మీ మాట నమ్మే మార్చమంటారా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. "నా మాట నమ్మవద్దు," అన్నాను. "వచ్చి చూడండి. పదింటికి కాదు, పొద్దు పొడవకముందు."

ఆయన నా కాళ్ళ వైపు చూశారు. బూట్లు వేసుకోలేక చెప్పులతో వెళ్ళాను. ఆయన నవ్వలేదు. "ఎన్నింటికి లేవాలి?" అని మాత్రం అడిగారు.

సోమవారం ఆయన మంచులో వచ్చి, పిల్లల వెనక నిలబడి, బల్ల మీది వాక్యం చదివించి విన్నారు. బడి అక్కడే ఉండాలని, వేళలు ఊరి వీలును బట్టి నడపవచ్చని రాసి ఇచ్చారు. ఖాజా మాస్టరు ఇంకో మూడేండ్లు అక్కడ పనిచేశాడు. తర్వాత అందరిలాగే బదిలీ అయి పూడూరు వైపు వెళ్ళాడు. ఉత్తరాలు రాసేవాడు. ప్రతి ఉత్తరంలో మొదటి వాక్యం ఆ ఊరి ముచ్చటే ఉండేది.

ఆ తర్వాత

ఆ కుర్చీని అమ్మలేదు. బల్ల దగ్గరికి జరిపాను, అంతే. సాయన్న ఖబర్ తెస్తే అతనికి కూడా ఒక ముక్కాలి పీట వేసి, ఎప్పుడు చూశావు, ఎక్కడ నిలబడి చూశావు, అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు అని అడిగేవాణ్ణి. వీలైతే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. మొదట పీట మీద కూర్చోవడానికి ఒప్పుకోలేదు. కూర్చున్నాక ఖబర్ రెట్టింపు పొడుగైంది.

రోజూ పొద్దున బల్ల దగ్గర నేను చేసే మొదటి పని, నిన్న నా కళ్ళతో చూసినదాన్ని ఒక్క వాక్యంగా రాయడం. అంగట్లో కింద పడిన కందులు ఊడ్చుకునే ముసలామె చీపురు ఎంత పొట్టిదో. బషీరాబాదు సంతలో ఒకరు కన్నడంలో ధర చెబితే ఇంకొకరు తెలుగులో తగ్గించడం. పాలిష్ రాయి మీద నీళ్ళు చల్లితే బయటపడే నీలం. వారానికి ఏడు వాక్యాలు. బుధవారం నాటికి వాటిలో ఒకటి నన్ను లాగేది. దాన్ని పట్టుకుని, అది జరిగే వేళకు మళ్ళీ వెళ్ళి చూసి, గురువారం బండికి అందించేవాణ్ణి. కొన్ని వారాలు ఏ వాక్యమూ లాగేది కాదు. అప్పుడు ఉన్నవాటిలో సరిగ్గా చూసినదాన్ని పంపేవాణ్ణి. గొప్పగా ఉండేది కాదు, కాని సబ్బు ప్రకటన కంటే నయం.

ఆ యువకులకు నేను చెప్పవలసింది ఇదే. విషయం దొరకడం లేదంటే మీరు కదలని వేళలో అది కదులుతున్నదని అర్థం.

చాలా ఏండ్ల తర్వాత తాండూరు అంగట్లో ఎల్లమ్మ ఎదురైంది. పక్కన పెళ్ళయిన బిడ్డ. ఆనాడు ముందు వరసలో కూర్చుని నా కాళ్ళు లెక్కపెట్టిన పిల్ల. ఆ పిల్ల చేతిలో మా పత్రిక.

"గీ వారం మా దిక్కు ముచ్చట రాసినవట," అంది ఎల్లమ్మ. "బిడ్డ సదివి ఇనిపిచ్చింది. మంచిగనే ఉంది గని సారూ, ఒకటి తప్పు వడ్డది."

"ఏమిటి?"

"పొద్దుగాల గుట్ట మీద మా మంద పడమటి దిక్కు దిగుతదని రాసినవు. పొద్దుగాల దిగేది తూర్పు దిక్కు. పడమటి దిక్కు మాపటికి."

"నేను చూశానే," అన్నాను.

"ఎప్పుడు సూసినవు?"

సాయంత్రం చూశాను. పొద్దున అని రాశాను. ఆమె ఎదుటే జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాను. తల్లీ బిడ్డా నా భుజం మీది నుంచి తొంగి చూశారు. సరిగ్గా రాశానో లేదో బిడ్డ చదివి వినిపించాకే వెళ్ళారు. ఆ గురువారం బండికి వెళ్ళిన జాబులో మొదటి వాక్యం అదే.